బాబాయి చిక్కిపోయిన ఏడాది

మా బాబాయి ఆ ఏడాది ఎందుకు చిక్కిపోయాడో పోయిన వారం దాకా నాకొక్కదానికే తెలుసు. అప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నదాన్ని, అయినా అందులోనూ రాయలేదు. ఆ రోజుల్లో నా బల్ల దులిపి పుస్తకాలు సర్దేది పిన్నే. ఎవరైనా అడిగితే తలూపి ఊరుకునేదాన్ని. మాట్లాడని పిల్లగా పేరు పడితే ఒక సుఖం ఉంది, రెండోసారి ఎవరూ అడగరు.

పోయిన వారం తిరువూరు వెళ్లాను. బాబాయి పోయి రెండేళ్లయింది. పిన్ని ఇన్నాళ్లకి ఆయన బీరువా తెరిచి, సాయంగా రమ్మని నాకు ఫోన్ చేసింది. నేను విజయవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను, సెలవు పెట్టి వెళ్లాను. చొక్కాలు ఒక మూట, పంచెలు ఒక మూట కట్టాక, అడుగు అరలోంచి పిన్ని ఒక తోలు బెల్టు తీసింది. గోధుమరంగుది, అంచులు నల్లబడ్డాయి. కొన్నప్పుడున్న బెజ్జాలు చివర్న వరసగా ఉన్నాయి. వాటికి బాగా లోపలగా, చేత్తో పొడిచిన బెజ్జాలు ఇంకొన్ని ఉన్నాయి, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి, చుట్టూ తోలు కాలిన మచ్చలతో. పిన్ని ఒక్కో బెజ్జం మీద వేలు పెట్టుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర ఆపింది. "ఇదిగో, ఇక్కడే మొదలైందే ఆయన జబ్బు," అంది. "కళ్లెదుట మనిషి కరిగిపోతుంటే నేను ఉప్మాలో జీడిపప్పు ఎక్కువేస్తూ కూర్చున్నాను. అప్పుడే తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించుంటే బతికేవాడు. నాకే కనపడలేదు."

కడుపులో జబ్బుతో పోయాడు బాబాయి. అది ఈమధ్య వచ్చిందేనని, ఏళ్ల కిందట వచ్చి ఉంటే అన్నేళ్లు ఆగదని డాక్టరు అప్పుడే చెప్పాడు. పిన్ని వినలేదు. ఆవిడ దగ్గర బెల్టుంది. నేను మంచం అంచున కూర్చుని ఆ బెజ్జాలకేసి చూస్తూ ఉండిపోయాను. వాటిని పొడిచింది నేనే. గోనెసంచుల మూతులు కుట్టే దబ్బనం ఎర్రగా కాల్చి, కొట్టు వెనక గదిలో, బాబాయి బెల్టు చివర పట్టుకుని కూర్చుంటే నేను పొడిచేదాన్ని. కాలిన తోలు వాసన ఎవరికీ రాకుండా ఆయన పక్కనే అగరొత్తి వెలిగించేవాడు.

అమ్మావాళ్లు ఉండేది పెనుగొలనులో. ఇంటర్ చదువుకోసం నన్ను బాబాయి ఇంట్లో ఉంచారు. వాళ్లబ్బాయి అప్పటికే వేరే ఊళ్లో హాస్టల్లో ఉన్నాడు, వాడి గది నాకిచ్చారు. బజారులో ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. మధ్యలో ఒక తలుపు, దానికో పూసల తెర. తెరకి ఇవతల చింతపండు, ఎండుమిర్చి, బెల్లం, కొత్త గోనె, ఇంగువ కలిసిన వాసన, అవతల పిన్ని కాచే నెయ్యి వాసన. రెండూ కలిసేచోట, సరిగ్గా ఆ తెర దగ్గర నిలబడితే నాకెందుకో నిద్రొచ్చేది. ఇప్పుడు వాళ్లబ్బాయి కొట్టంతా అద్దాల అరలు పెట్టి, పప్పులూ పంచదారా ప్యాకెట్లుగా కట్టించి అమ్ముతున్నాడు. శుభ్రంగానే ఉంది. కళ్లు మూసుకుని నిలబడితే మాత్రం ఏ ఊళ్లో ఉన్నానో తెలియలేదు.

బాబాయి పెద్ద మనిషి. ఒళ్లు పెద్దది అని నా ఉద్దేశం. గల్లాపెట్టె వెనక కూర్చుంటే వెనక అర కనపడేది కాదు. ఉదయం పెసరట్టు, పదింటికి మరమరాల ముంత, మధ్యాహ్నం ముద్దపప్పులో గుంట చేసి అది నిండేదాకా నెయ్యి. నాన్నమ్మ పక్కన కూర్చుని, "ఒరేయ్ నాన్నా, నెయ్యి ఇంకొంచెం," అనేది, ఆయన వద్దనేవాడు కాదు. భోజనం అయ్యాక కొట్టు షట్టరు సగానికి దింపి, హాల్లో ఉయ్యాల బల్ల మీద నడుం వాల్చేవాడు. బల్లకి నాలుగు ఇనప గొలుసులు, పై దూలానికి కొక్కేలు. ఆయన కూర్చోగానే ఆ కొక్కేలు మూలిగేవి. నాన్నమ్మ లోపలి గదిలో నిద్రపోయేది, పిన్ని వంటిల్లు కడిగేది, వీధిలో ఎండ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆ గంటే మా ఇద్దరిదీ.

ఇదంతా ఒక ఎగ్జిబిషన్‌తో మొదలైంది. దసరాకి ఊరి మైదానంలో వేశారు. అప్పడాలు, ప్లాస్టిక్ బొమ్మలు, మిరపకాయ బజ్జీలు, వాటన్నిటి వెనక జెయింట్ వీల్. పిన్ని తనకి తలతిప్పుతుందని రాలేదు, నన్ను తీసుకుని బాబాయి వెళ్లాడు. వీల్ తిప్పే మనిషి బాబాయిని ఎగాదిగా చూసి, "సార్, మీరు ఒక్కరే ఈ తొట్టిలో. పాప అవతలి తొట్టిలో. లేకపోతే ఒక పక్కకి లాగుద్ది," అన్నాడు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. బాబాయి మాత్రం, "నాకు సపరేటు రూమిచ్చారమ్మడూ," అని ఎక్కి కూర్చున్నాడు. చక్రం తిరుగుతుంటే ఎదురు తొట్టిలోంచి ఆయన నాకు కనపడుతూనే ఉన్నాడు. పైనుంచి కిందికి దిగే ప్రతిసారీ ఆయన ముఖం మారిపోయేది. కళ్లు మూసుకుని, గడ్డం కొంచెం ఎత్తి, ఏదో వినబోతున్నవాడిలా. ఇంటికి నడిచొస్తుంటే అడిగాను. "దిగేటప్పుడు ఒక్క క్షణం ఒళ్లు తేలికైందే," అన్నాడు. "రవ్వంతే. అందినట్టే అంది పోయింది."

మర్నాడు మధ్యాహ్నం ఉయ్యాల మీద కూర్చుని ఫోన్ నాకిచ్చాడు. "అంతకంటే పెద్దవి ఉంటాయా, చూడు." ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడో పార్కుల్లో రోలర్ కోస్టర్లు, ముందు సీట్లో కెమెరా పెట్టి తీసిన వీడియోలు. బండి టకటకమని కొండెక్కినట్టు ఎక్కుతుంది, పైన ఒక్క క్షణం ఆకాశం తప్ప ఏమీ ఉండదు, తర్వాత నేల మీదికి పడుతుంది. నేను ఫోన్ ఎదురుగా చాచి పట్టుకునేదాన్ని. మొదటిరోజు ఊరికే చూశాం. నాలుగోరోజో ఐదోరోజో, కుడివైపు మలుపు రాగానే బాబాయి కుడివైపు ఒరిగాడు, ఆయన బరువుకి బల్ల ఒరిగింది, నేనూ ఒరిగాను. అప్పటినుంచి అదే ఆట. ఎక్కేటప్పుడు వెనక్కి వాలాలి, పడేటప్పుడు కాలితో నేలని తన్ని వదిలెయ్యాలి. పిన్ని వంటింట్లోంచి, "ఆ కొక్కేలు ఊడొస్తాయండీ, మెల్లగా," అనేది, మేమేం చేస్తున్నామో చూడకుండానే.

అలా వీడియోల వెంట పోతుంటే ఒకరోజు ఆ వార్త కనపడింది. హైదరాబాదు దగ్గర ఒక పార్కువాళ్లు కొత్త కోస్టర్ తెస్తున్నారట, ఈ చుట్టుపక్కల ఇంతవరకు లేనంత పెద్దదట. కంప్యూటర్లో గీసిన బొమ్మ పెట్టారు. వెన్నెల రంగు ఆకాశం, అందులో ఎర్రటి పట్టాలు రిబ్బన్లలా చుట్లు తిరుగుతూ. కింద పార్కు లేదు, మనుషుల్లేరు, ఆ ఎర్రగీత ఒక్కటే. దానికోసం అప్పటికే ఒక గుంపు తయారైంది ఇంటర్నెట్లో. ఎవరో కుర్రాడు బస్సు కిటికీలోంచి పార్కు గోడ వెనక స్తంభాల ఫోటో తీసి పెట్టేవాడు. స్తంభం పొడుగుని బట్టి మొదటి కొండ ఎంత ఎత్తుంటుందో ఒకరు లెక్కలేసేవారు. రంగు ఎరుపా నారింజా అని వారం రోజులు కొట్టుకున్నారు. మలుపు తర్వాత సొరంగం ఉంటుందని ఒకరు, ఉండదని ఒకరు. చిన్న అక్షరాలు బాబాయికి ఆనేవి కావు, అన్నీ నేనే చదివి వినిపించేదాన్ని. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని నేను, ఒక మధ్యాహ్నం ఆ గుంపులో ఒక ప్రశ్న రాశాను. పట్టాలు చిన్న గుట్టలా లేచే మూడో దిమ్మ దగ్గర సీట్లోంచి పైకి తేలినట్టు ఉంటుందా అని. "పక్కా ఉంటుంది బ్రో, అదే హైలైట్," అని జవాబొచ్చింది. బాబాయి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ తర్వాత చాలారోజులు నన్ను "ఏం బ్రో" అని పిలిచాడు. పిన్ని ఎందుకని అడిగితే, ఏదో సినిమాలో విన్నాడని సర్దేశాడు.

నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి ఒకటుంది. నేను పుస్తకాల్లో ఎన్ని దేశాలు తిరిగినా ఆ ఎర్రగీత మీద తిరిగినంత ఎక్కడా తిరగలేదు. ఇంకా కట్టని దాని మలుపులన్నీ మాకు కంఠతా వచ్చాయి. చదువుకుంటూ కళ్లు మూసుకుంటే చాలు, వెనక్కి వాలుతున్నట్టుండేది. బాబాయి అయితే పప్పు తూస్తూ తూస్తూ ఆగిపోయేవాడు, త్రాసు ముల్లు ఊగుతూ ఉంటే దానికేసి చూస్తూ. "పొద్దున్నించీ అందరివీ తూస్తూనే ఉంటానమ్మడూ," అన్నాడు ఒకసారి. "అసలు బరువే లేకపోతే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. ఒక్క క్షణం చాలు."

ఆ తర్వాత ఒక వీడియోలో ఆ మనిషి కనపడ్డాడు. వేరే దేశంలో ఎవరో లావుపాటాయన, రైడు బయట పెట్టిన నమూనా సీట్లో కూర్చున్నాడు. ఒళ్లు పడుతుందో లేదో ముందే చూసుకోవడానికి పెడతారట ఆ సీటు. పార్కువాళ్లు మనిషిని సీటుకి పట్టి ఉంచే ఇనప కమ్మీని ఆయన పొట్ట మీదికి నొక్కారు. ఇద్దరు కలిసి నొక్కారు. పడలేదు. ఆయన నవ్వుతూ లేచాడు, నవ్వుతూనే వరస పక్కనించి బయటికి నడిచాడు. మా ఉయ్యాల ఆగింది. బాబాయి తన పొట్టకేసి చూసుకుని, లేచి వెళ్లి షట్టరెత్తాడు, ఇంకా టైము కాకుండానే. మర్నాడు ముద్దపప్పులో గుంట చెయ్యలేదు. నాన్నమ్మ నెయ్యి గిన్నె చాస్తే చేయి అడ్డం పెట్టాడు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదలు.

తెల్లారగట్ల గంపలగూడెం రోడ్డు మీద నడక మొదలైంది. పొద్దున గాలి అమ్మాయి చదువుకి మంచిదట అని చెప్పి నన్ను వెంటబెట్టుకునేవాడు. ఊరు దాటితే మామిడి తోటలు, పూత మీద మంచు, లైట్లు వేసుకుని పత్తి చేలకి కూలీలని తీసుకెళ్లే ఆటోలు. ఆయన ముందు ఆయాసంతో, తర్వాత ఆయాసం లేకుండా, తర్వాత మాట్లాడుతూ నడిచాడు. తిరిగొచ్చి, పిన్ని ముగ్గు వేస్తుండగా కొట్లోకి దూరి, బస్తాలు తూచే కాటా మీద ఎక్కి నిలబడేవాడు. ముల్లు నేను చదవాలి, పొట్ట అడ్డం వచ్చి ఆయనకి కనపడదు కాబట్టి. ఎండాకాలం పోయి వానలొచ్చేసరికి వంగకుండానే చూసుకోగలిగాడు. అప్పటికి నేను మూడో బెజ్జం పొడిచాను.

ఇక్కడ మా బజారు సంగతి చెప్పాలి. మా బజారులో కొట్టు ఎలా నడుస్తోందో బోర్డు చూసి తెలుసుకోరు, గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషిని చూసి తెలుసుకుంటారు. మనిషి నిండుగా ఉంటే కొట్టు నిండుగా ఉన్నట్టు. బాబాయి చొక్కాలు వదులవుతున్న కొద్దీ వచ్చేపోయేవాళ్ల చూపులు ఆయన్ని దాటి వెనక అరలమీదికి పోయేవి, సరుకు తగ్గిందా అని. ఎదురుగా బట్టల కొట్టు శేషయ్య గారు ఒక సాయంత్రం ప్రత్యేకంగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను తెర వెనక ఉన్నాను.

"ఏం తమ్ముడూ, కొట్టు ఎవరికన్నా ఇచ్చేస్తున్నావా?"

"ఎవరన్నారండీ?"

"ఒకరు అనక్కర్లేదు. నీ చొక్కా అంటోంది."

"కొత్తవి కుట్టించుకుంటాలెండి."

"మా నాన్న కొట్టు దెబ్బతిన్న ఏడు ఇలాగే వదులు చొక్కాల్తో తిరిగాడు. మా దగ్గర కూడా దాచాడు. నువ్వు దాచకు. ఇచ్చే ఆలోచనుంటే ముందు నాకు చెప్పు, బయటివాడికి పోనివ్వకు."

బాబాయి నవ్వి ఆయనకి సోడా తెప్పించాడు. కానీ ఇంట్లో నవ్వితే పోయేది కాదు. నాన్నమ్మ ఆదివారం ఆదివారం ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది, మిరపకాయల ఘాటు రాలేదు, ఎంత దిష్టో చూడు అనేది. పిన్ని షుగరు పరీక్ష చేయించింది, లేదన్నారు. లేదనడంతో ఇంకా భయపడింది. మొక్కులు మొక్కింది. జీడిపప్పు వేసింది, మీగడ వేసింది, ఆయన పక్కకి తీసిపెడితే ఆ కంచంకేసి చూస్తూ కూర్చునేది. ఒకరోజు, "మీరు తినకపోతే నాకూ వద్దు," అని తన కంచం బోర్లించేసింది. నిజంగానే తినలేదు, రెండు పూటలా.

మర్నాడు నడుస్తుంటే బాబాయి మైలురాయి మీద కూర్చుండిపోయాడు. "మీ పిన్నికి చెప్పేద్దామా?" అన్నాడు.

"చెప్పు బాబాయ్."

"చెబితే ముందు నవ్వుతుంది. తర్వాత నాన్నమ్మకి చెబుతుంది. నాన్నమ్మ శేషయ్య గారి ఆవిడకి చెబుతుంది. మధ్యాహ్నానికి బజారంతా నవ్వుతుంది. నవ్వితే నాకేం కాదే, చిన్నప్పట్నించీ అలవాటు. కానీ అందరూ నవ్వాక ఇక నా కంటికే అది పెద్దదిగా ఆనదు. బేరం చేసి చేసి కొన్న సరుకులా అయిపోతుంది." కాసేపు మామిడి తోటకేసి చూశాడు. "అది అయిపోయేదాకా చెప్పొద్దు. అయ్యాకా చెప్పొద్దు. ఎప్పటికీ వద్దు. ఏం బ్రో?"

"సరే బ్రో," అన్నాను. ఆ పూట ఇంటికెళ్లి పిన్ని ఎదురుగా పీటేసుకుని ఒక గరిటెడు ముద్దపప్పు తిన్నాడు, నెయ్యితో సహా. ఆవిడ తినేదాకా లేవలేదు. దాన్ని కరిగించడానికి ఆ వారమంతా వినగడప వైపుకి ఇంకో మైలు ఎక్కువ నడిచాం.

కోస్టర్ తెరిచారు. గుంపులో రోజుకో మాట రాసేవాళ్లు. కొందరు ఎగిరి గంతేశారు. ఎక్కువమంది నీరసపడ్డారు. బొమ్మలో చూపించినంత లేదు, సొరంగం లేదు, ఎరుపన్నారు, చూస్తే ఇటుకరంగు, ఎక్కీ ఎక్కకముందే అయిపోయింది, దీనికా ఇన్నాళ్లు కాచుకున్నాం. నేను చదవబోతే బాబాయి ఫోన్ బోర్లా పెట్టాడు. "వాళ్లు ఎక్కింది వాళ్లది," అన్నాడు. సరుకు ఆర్డరుకి వెళ్లాలని, అమ్మాయికి పుస్తకాలు కూడా కొనాలని ఇంట్లో చెప్పి, నన్ను తీసుకుని హైదరాబాదు బస్సెక్కాడు. పిన్ని పులిహోర, పెరుగన్నం కట్టి డబ్బా నా ఒళ్లో పెట్టింది. "ఆయన తినేలా చూడవే. నీ మాట వింటాడు," అంది.

ఆ రోజు నాకు ఇప్పటికీ నీళ్లలోంచి చూసినట్టు గుర్తుంది. పార్కంతా పిల్లల అరుపులు, మొక్కజొన్న పొత్తుల వాసన, ఎక్కడినుంచో జల్లు. ఆ ఎర్రగీత ఎదురుగా నిలబడింది, నిజంగానే ఇటుకరంగులో, నిజంగానే అనుకున్నదానికంటే చిన్నగా. కింద స్తంభాల మధ్య సిమెంటు బస్తాలు ఇంకా పడి ఉన్నాయి. వరస మొదట్లో నమూనా సీటు. బాబాయి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు, గుడి గడప దగ్గర నిలబడ్డట్టు. కూర్చున్నాడు. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి కమ్మీ దించి నొక్కింది. ఆగింది. మళ్లీ నొక్కింది. వెనక వరసలో ఎవరో గొణుగుతున్నారు. నాకు పిన్ని బోర్లించిన కంచం ఒక్కటే కళ్లముందుంది. ఇన్నాళ్ల ఆవిడ ఏడుపు ఊరికే పోకూడదు దేవుడా అనుకున్నాను.

"ఊపిరి మొత్తం వదిలెయ్యండి సార్," అంది ఆ అమ్మాయి. "బిగబట్టకండి. భయపడి బిగబడతారు అందరూ."

బాబాయి వదిలాడు. టక్ మంది. అంత చిన్న చప్పుడు.

వరస దాటి అసలు బండెక్కాక, పైకి లాగుతుంటే వెనక్కి వాలడం మాకు అలవాటే. టకటకమంటుంటే ఇద్దరం ఒకర్నొకరం చూసుకోలేదు. కొండ మీద ఆకాశం ఒక్కటే మిగిలింది, పడ్డాం. మొదటి మలుపు, రెండోది, అన్నీ మేం ఎరిగినవే, నా ఒళ్లు నాకంటే ముందే ఒరుగుతోంది. మూడో దిమ్మ దగ్గర మాత్రం నేను పక్కకి తిరిగి బాబాయిని చూశాను. ఆయన చొక్కా గాలి నిండి భుజాల మీంచి లేచింది. రెండు చేతులూ ఒళ్లోంచి వాటంతటవే పైకి తేలాయి, ఎవరో మెల్లగా ఎత్తినట్టు. అరవలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నిద్రలో నవ్వే పసివాళ్ల ముఖం అది. తర్వాత చేతులు దిగాయి, బ్రేకులు పడ్డాయి, అయిపోయింది. గుంపులోవాళ్లు అన్నది నిజమే, చాలా చిన్నది.

దిగి ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. డబ్బా విప్పమన్నాడు. పులిహోర అంతా తిన్నాడు, పెరుగన్నం అంతా తిన్నాడు, మూతకంటిన మెతుకులు కూడా వేలితో తీసుకుని తిన్నాడు. ఎలా ఉందని నేనడగలేదు. "మీ పిన్ని చెయ్యి పులిహోరకి పెట్టింది పేరు," అన్నాడు అంతే. మళ్లీ ఎక్కుదామా అంటే తలూపాడు, వద్దని. ఆ తర్వాత ఉయ్యాల మీద మేం ఆ వీడియోలు ఎప్పుడూ పెట్టుకోలేదు. మధ్యాహ్నాలు ఆయన నిద్రపోయేవాడు, నేను చదువుకునేదాన్ని. ముద్దపప్పులో గుంట మళ్లీ వచ్చింది. బెల్టు ఒక్కో బెజ్జం దాటుకుంటూ పాత వరసకి తిరిగొచ్చింది. పిన్ని మొక్కు తీర్చుకుంది. శేషయ్య గారు సోడా తాగుతూ, "గండం గడిచింది తమ్ముడూ, నాకు చెప్పకుండానే గట్టెక్కావు," అన్నారు. బాబాయి నాకేసి చూడలేదు, నవ్వు ఆపుకోవడానికి.

అది నా పదహారో ఏటి మాట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆయన నిండుగానే ఉన్నాడు. అసలు జబ్బు వచ్చినప్పుడు బెల్టు కట్టుకునే పనే లేకపోయింది, మంచంలోనే ఉన్నాడు. కానీ పిన్ని మనసులో ఆ రెండు చిక్కిపోవడాలూ ఒకటైపోయాయి. మధ్యలో ఉన్న ఏళ్లన్నీ ఆవిడకి ఆ చివరి బెజ్జంలోకి ముడుచుకుపోయాయి.

మొన్నొక రోజు ఫోన్లో కనపడింది, ఆ పార్కువాళ్లే ఇంకో కోస్టర్ తెస్తున్నారట. మళ్లీ ఒక బొమ్మ, ఈసారి నీలంగీత. మళ్లీ గోడ వెనక స్తంభాల ఫోటోలు, ముందుదానికి రెట్టింపు ఎత్తని ఒకరు, కాదని ఒకరు. వాళ్లలో నా పాత గుంపువాళ్లు ఎవరూ లేరు, అందరూ కొత్త పిల్లలు. కానీ మాట అదే, ఆత్రం అదే. చదువుతుంటే నా వీపు నాకు తెలియకుండానే వెనక్కి వాలింది. ఎక్కాక సగంమంది నీరసపడతారు, తెలుసు. అయినా ఇప్పుడు వాళ్ల మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో కూడా తెలుసు. లైబ్రరీలో బల్ల ముందు కూర్చుని కాసేపు వాళ్లమీద అసూయపడ్డాను.

పోయిన వారం ఆ బీరువా ముందు, బెల్టు పట్టుకుని కూర్చున్న పిన్నిని చూస్తూ, ‘ఎప్పటికీ వద్దు’ అని బాబాయి అన్న మాటలో మనిషి పోయిన తర్వాతి రోజులు కూడా ఉంటాయా అని ఆలోచించాను. ఉంటాయనే అనిపించింది. కానీ నవ్వడానికి ఇప్పుడు నాన్నమ్మ లేదు, శేషయ్య గారు లేరు. అది చిన్నదైపోతుందని భయపడ్డ మనిషీ లేడు. మిగిలింది పిన్ని, ఆవిడ వేలి కింద చివరి బెజ్జం. "పిన్నీ, అది జబ్బు కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మొత్తం చెప్పాను. ఎగ్జిబిషన్ దగ్గర్నుంచి పులిహోర దాకా. దబ్బనం సంగతి, అగరొత్తి సంగతి, మైలురాయి మీద ఆయనన్న మాటలు.

"ఎంతసేపు తిప్పారు మిమ్మల్ని?" అంది పిన్ని.

"నిమిషం ఉంటుందేమో పిన్నీ."

"ఆ నిమిషానికా నేను రెండు పూటలు పస్తున్నాను?" అంది. కోపంగానే అంది. బెల్టు మంచం మీద పడేసి లేచి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడైంది, ఆగింది. చెప్పి తప్పు చేశానా అని నేను కదలకుండా కూర్చున్నాను. ఆవిడ తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడింది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"డబ్బా మొత్తం ఖాళీ చేసి తెచ్చారు ఆ రోజు," అంది. "గుర్తుంది నాకు. కడగబోతే మెతుకు లేదు. దారిలో ఎవరికో పెట్టేసుంటాడనుకున్నాను."

"తిన్నాడు పిన్నీ. నేను చూశాను."

"ముఖం ఎలా ఉంది, అక్కడ పైన?"

చెప్పాను. చేతులు వాటంతటవే లేచాయని చెప్పాను. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. తర్వాత హాల్లోకి నడిచింది, నేను వెనకే వెళ్లాను. ఉయ్యాల బల్ల మీద ఇస్త్రీకివ్వాల్సిన బట్టలు కుప్పగా ఉన్నాయి, వాటిని తీసి కుర్చీలో వేసింది. బాబాయి కూర్చునే వైపు వదిలేసి, ఇవతల చివర కూర్చుంది. మళ్లీ ఏమనుకుందో, జరిగి ఆయన చోట్లోకే వెళ్లింది. కొక్కేలు మూలగలేదు, ఆవిడ అంత తేలిక. పక్కన చేత్తో తట్టి చూపించింది. నేను కూర్చుని, ఫోన్లో వెతికి, ఆ పాత వీడియోల్లో ఒకటి తీసి, చెయ్యి చాచి పట్టుకున్నాను. పిన్ని రెండు చేతులా గొలుసు పట్టుకుంది.

"ఎటు ఒరగాలో కాస్త ముందే చెప్పవే," అంది.